మొక్కుకున్న పేర్లు

నెల్లూరు జిల్లాలో పెంచలయ్య అనే పేరుకు ఎవరూ అర్థం అడగరు. అడిగారంటే బయటి ఊరివాళ్లని లెక్క. రాపూరు దాటి వెలిగొండల్లోకి పోతే పెంచలకోన వస్తుంది. పెనవేసుకున్న శిలల రూపంలో నరసింహస్వామి అక్కడ వెలిశాడని, పెనుశిల జనం నోట నలిగి పెంచల అయిందని చెబుతారు. ఆ స్వామికి మొక్కుకున్నాక పుట్టినవాడు పెంచలయ్య, పుట్టింది ఆడపిల్లయితే పెంచలమ్మ. తర్వాతి తరానికి పెంచల ప్రసాద్, పెంచల కిశోర్. ఒకే ఇంట్లో పెద్ద పెంచలయ్య, నడిపి పెంచలయ్య, చిన్న పెంచలయ్య అని ముగ్గురన్నదమ్ములున్నా ఆ ఊళ్లో ఎవరికీ వింతనిపించదు. మూడు కాన్పులకూ మొక్కింది ఒక్క స్వామికే అయినప్పుడు మూడో పేరు ఎక్కణ్ణించి వస్తుంది?

ఆ కోన కథలోంచి ఇంకో వరస పేర్లు కూడా పుట్టాయి. హిరణ్యకశిపుణ్ణి చంపిన ఉగ్రం చల్లారక నరసింహుడు అడవులు పట్టి తిరుగుతుంటే చెంచుల పిల్ల ఎదురైందట. ఓలి ఇచ్చి మరీ ఆమెను పెళ్లాడాడట. సంగతి తెలిసి ఆదిలక్ష్మి అలిగి ఏటి అవతలకు వెళ్లిపోయింది. అమ్మవారి గుడి ఇప్పటికీ విడిగానే ఉంది. జనం మాత్రం పక్షపాతం లేకుండా లక్ష్మమ్మలతో పాటు చెంచమ్మలనూ కన్నారు. చెంచయ్య, చెంచురామయ్య, చెంచురెడ్డి ఈ ప్రాంతంలో కులంతో పనిలేని పేర్లు. కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడ పుట్టిన దరిశి చెంచయ్య చదువుకోసం అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో గదర్ పార్టీలో చేరాడు. వెలిగొండల అడవిపిల్ల పేరు ఆ విధంగా పసిఫిక్ సముద్రం ఒడ్డుదాకా ప్రయాణం చేసింది.

పేరంటే నెల్లూరు తీరంలో చాలాకాలం ఇదే లెక్క. బిడ్డ ఎలా ఉండాలో, ఏమి కావాలో పేరు చెప్పదు. బిడ్డ ఎవరి దయవల్ల పుట్టిందో చెబుతుంది. "ఏం పేరు?" అన్న ప్రశ్న వెనక "ఎవరి పేరు?" అన్న ప్రశ్నే ఉంటుంది. ఈ జిల్లా ఓటర్ల జాబితాను తెలిసినవాళ్లు క్షేత్రాల పటంలా చదవగలరు. రంగనాయకులు అంటే నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న తల్పగిరి రంగనాథుడు. రామలింగయ్య అంటే సముద్రానికి దగ్గర్లోని రామతీర్థం. చెంగయ్య, చెంగమ్మ అంటే సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున, రాత్రీ పగలూ తలుపు మూయని గుళ్లో ఉండే చెంగాళమ్మ. పోలయ్య, పోలమ్మ అంటే ఒక్క చోటని చెప్పలేం, పోలేరమ్మ లేని ఊరేదీ?

కామాక్షమ్మ సంగతి కాస్త నిలబడి చూడాలి. నెల్లూరుకు దగ్గర్లో పెన్న ఒడ్డున జొన్నవాడ ఉంది. వైశాఖమాసపు బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం నాడు అక్కడ కొడిముద్దలు పంచుతారు. పిల్లలు లేని ఆడవాళ్లు తలస్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చి, కొంగు పట్టి ఆ ముద్ద తీసుకుంటారు. ఆ తోపులాటలో ముద్ద చేతికి అందడమే సగం వరం. తర్వాత కడుపు పండితే కామాక్షి, కామాక్షయ్య, కామేశ్వరి. పుట్టు వెంట్రుకలు ఎక్కడ తీయాలి, పేరు ఎవరిది పెట్టాలి అన్నవి కొంగుపట్టిన రోజే తేలిపోయి ఉంటాయి. వెంట్రుకలు, పేరు ఒకే బాకీలోని రెండు వాయిదాలు.

ఈ లెక్కలో మతం అడ్డు రాదు. వెంకటాచలం మండలంలోని కసుమూరులో మస్తాన్ వలీ దర్గా ఉంది. రోగం వచ్చినా, గాలి సోకినా, బిడ్డలు నిలవకపోయినా హిందువులు, ముస్లింలు ఒకే బస్సెక్కి అక్కడికి వెళతారు. మొక్కు తీరాక కందూరు చేస్తారు, బిడ్డ తల నున్నగా గొరిగిస్తారు. అందుకే నెల్లూరు జిల్లాలో షేక్ మస్తాన్ ఎంత మామూలో మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్ రెడ్డి, మస్తాన్ నాయుడు కూడా అంతే మామూలు. బయటినుంచి బదిలీమీద వచ్చిన బడిపంతులు మొదటి రోజు హాజరు పిలుస్తూ కాస్త తడబడతాడు. వారం తిరిగేసరికి అలవాటు పడతాడు.

మస్తాన్ అన్న పేరు ప్రపంచంలోని ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాల మీదికీ ఎక్కింది. మల్లి మస్తాన్ బాబు 1974లో సంగం దగ్గర గాంధీ జనసంగం అనే పల్లెలో పుట్టాడు. ఊరి పేరు మహాత్ముడిది, మనిషి పేరు ఫకీరుది. ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివిన ఈ పల్లెటూరి కుర్రవాడు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఏడు శిఖరాలూ ఎక్కేశాడు. 2015లో చిలీ, అర్జెంటీనా సరిహద్దున ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు వదిలాడు. ఆ వారాల్లో దక్షిణ అమెరికా పత్రికలు కూడా మస్తాన్ అన్న పేరును రాయడం నేర్చుకున్నాయి.

ఈ అలవాటు నెల్లూరు ఒక్కదానిదే అనుకుంటే పొరపాటు. తమిళ తీరంలోని నాగూరు దర్గా ఓడవాళ్లకు, చేపలవాళ్లకు పెద్ద దిక్కు. అందుకే కోస్తా పొడుగునా నాగూర్‌లు, నాగూరమ్మలు కనిపిస్తారు. గాయకుడు మనో అసలు పేరు నాగూర్ బాబే. ఉమ్మడి నల్గొండలో జాన్‌పహాడ్ దర్గా చుట్టుపక్కల హిందువుల ఇళ్లలో సైదులు అన్న పేరు ఇంటింటికీ ఒకటి. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండగ కుళ్లాయప్పలను ఇచ్చింది. దస్తగిరి, ఫకీరప్ప, హుస్సేనప్ప రాయలసీమలో రెడ్ల ఇళ్లలోనూ బోయల ఇళ్లలోనూ పెరిగారు. వీటిని మతసామరస్యం అని సభల్లో పిలుస్తారు. పెట్టినవాళ్లు మాత్రం చేసిన మేలు మరవకూడదన్న ఒక్క మాటే అనుకున్నారు.

మొక్కు పేర్లలో ఇంకో చిత్రం వ్యాకరణంలో ఉంది. తెలుగువాడు దేవుణ్ణి ఏకవచనంలో పిలవడానికి జంకి బహువచనం తగిలించాడు. ఆంజనేయులు, వెంకటేశ్వర్లు, నరసింహులు, శ్రీరాములు. దేవుడికిచ్చిన ఆ గౌరవమంతా ఊయల్లోని పసివాడికి దక్కుతుంది. ఇంట్లో మాత్రం "ఒరే శ్రీరాములూ" అని ఒక్క పిలుపులో గౌరవం, చనువు రెండూ కలిసిపోతాయి. 2008లో జిల్లాకే పేరు ఇచ్చిన పొట్టి శ్రీరాములు విషయంలో ఇంకో తికమక ఉంది. కొత్తవాళ్లకు పొట్టి అన్నది ఒడ్డూ పొడుగూ సంగతి అనిపిస్తుంది. అది ఇంటిపేరు. 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన మనిషికి ఆ ఇంటిపేరును మించిన ఎత్తు చరిత్రే ఇచ్చింది.

బహువచనాల్లో అన్నిటికంటే ఘనమైంది ఏడుకొండలు. ఒక్క మనిషికి ఏడు కొండలు పేరుగా పెట్టడం ఎక్కడైనా ఉందా అంటే, తడ దాటి పులికాట్ సరస్సు అవతలి ఒడ్డుకు వెళితే ఉంది. అక్కడి తమిళుడు ఏలుమలై. కొండలు అవే, స్వామి ఒకడే, వల వేసే నీళ్లు కూడా ఒకటే. రేషన్ కార్డులు మాత్రం రెండు రాష్ట్రాలవి.

దేవుడికి కృతజ్ఞత చెప్పే పేర్లు సరే, మృత్యువును మోసం చేసే పేర్లు ఇంకో తెగ. వరసగా ఇద్దరు ముగ్గురు బిడ్డలు పోయిన ఇంట్లో తర్వాతి బిడ్డ పుట్టగానే ఎంగిలి విస్తళ్ల కుప్పలో దొర్లించి తెచ్చేవాళ్లు. ఆ బిడ్డ పుల్లయ్యో పుల్లమ్మో అయ్యేది. పెంటకుప్ప మీద పెట్టి తీస్తే పెంటయ్య, పెంటమ్మ. ఇరుగుపొరుగుకు చేటెడు నూకలకో గుప్పెడు తవుడుకో అమ్మేసి మళ్లీ కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. ఇది పనికిరాని సరుకు, ఎత్తుకుపోయినా లాభం లేదు అని యముడికి చెప్పడమన్నమాట. తల్లి నోటితో తన బిడ్డను చెత్త అని పిలవాలంటే ఎంత భయం ఉండి ఉండాలి! చదువుకున్న మనవలు తాత పేరు పుల్లయ్య అని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడతారు. ఆ తాతకు ముందు పోయినవాళ్లెందరో వాళ్లకెవరూ చెప్పి ఉండరు.

భయం ప్రపంచమంతటా ఒకే రకంగా ఆలోచించింది. మంగోలియాలో నెర్గుయ్ అన్న పేరుంది, పేరు లేనిది అని దాని భావం. ఎనెబిష్ అంటే ఇది కాదు అని. దెయ్యం వచ్చి పిలిస్తే దానికి దొరకకుండా చేసిన ఏర్పాటు. చైనా పల్లెల్లో కుక్క తినగా మిగిలినవాడు అని అర్థం వచ్చేలా గౌషెంగ్ అని పెట్టేవాళ్లు. నైజీరియాలోని యొరూబా జనం ఇంకో దారి పట్టారు. పుట్టి పోయి, మళ్లీ అదే కడుపున పుట్టే బిడ్డ ఒకడుంటాడని వాళ్ల నమ్మకం. అందుకని పేరులోనే బతిమాలతారు. మాలోమో, ఇక వెళ్లకు. దురోజాయే, ఉండు, బతుకు రుచి చూడు. కొకుమో, వీడు ఇక చనిపోడు. నెల్లూరు పుల్లయ్య, మంగోలియా నెర్గుయ్ ఎప్పుడైనా ఎదురుపడితే ఒకరి కథ ఒకరికి వివరించాల్సిన పని ఉండదు.

క్రైస్తవం ఈ తీరానికి తన పేర్లతో వచ్చింది, కొన్నిటిని ఇక్కడి బట్టలు తొడిగి మరీ పెట్టింది. తమిళదేశం మీదుగా వచ్చిన క్యాథలిక్ పేర్లలో రాయప్ప అంటే పీటర్, చిన్నప్ప అంటే పాల్. పీటర్‌లో రాయి, పాల్‌లో చిన్నతనం గ్రీకు, లాటిన్ భాషల్లో ఉన్నవే. శౌరి అన్నది విష్ణువు పేరులా వినిపిస్తుంది గానీ, క్యాథలిక్ ఇంట్లో ఆయన సెయింట్ జేవియర్. కోడూరు సముద్రపొడ్డున వేళాంగణి మాత గుడి చుట్టూ ఆరోగ్యమ్మ లాంటి పేర్లు సహజంగానే పుట్టాయి, వేళాంగణి తల్లి ఆరోగ్యమాత కాబట్టి. అమెరికన్ బాప్టిస్టుల దారి వేరు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో మిషన్ పెట్టాక బైబిలు పేర్లతో పాటు దైవసహాయం, యేసురత్నం, కరుణమ్మ, సుగుణమ్మ లాంటి పేర్లు వచ్చాయి. మాల మాదిగ పల్లెల్లో అంతకుముందు మనిషిని పిలిచిన తీరు వేరు. ముసలివాణ్ణి కూడా కరణం కొడుకు ఒరే అనేవాడు. రత్నం అని, కరుణ అని, సుగుణం అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నప్పుడు తల్లిదండ్రులు కొత్త దేవుడికి మొక్కు తీర్చడంతో పాటు పాత ఊరికి ఒక జవాబు కూడా చెప్పారు.

తోక కత్తిరించడం ఇంకో జవాబు. విడవలూరు మండలం అలగానిపాడులో 1913 మే 1న భూస్వామి ఇంట పుట్టిన పుచ్చలపల్లి వెంకట సుందరరామిరెడ్డి పెరిగి పెద్దయ్యాక పుచ్చలపల్లి సుందరయ్య అయ్యాడు. రెడ్డి పోయి అయ్య మిగిలింది. అయ్య ఈ జిల్లాలో కూలికీ, కామందుకూ, పూజారికీ అందరికీ ఉన్నదే. ఆయన కమ్యూనిస్టు పార్టీ పల్లెలకు పాకాక కోస్తా ఊళ్లలో లెనిన్‌లు, స్టాలిన్‌లు కూడా పుట్టారు. పక్క రాష్ట్రంలో కరుణానిధి కొడుకు 1953 మార్చి 1న పుట్టాడు, ఆ నెల 5న రష్యాలో స్టాలిన్ చనిపోయాడు, బిడ్డకు ఆ పేరే పెట్టారు. నమ్మకం ఉన్నచోట మొక్కూ ఉంటుంది, అవతల ఉన్నది దేవుడైనా, నాయకుడైనా.

పేర్లు మొదటినుంచీ ఇంత పొడుగు లేవు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువున్న నెల్లూరులో పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. మంత్రి, మహాకవి తిక్కన. తండ్రి కొమ్మన, తల్లి అన్నమాంబ. కత్తిపట్టిన బంధువు ఖడ్గతిక్కన, ఆయన భార్య చానమ్మ, తల్లి ప్రోలమ్మ అని కథలు చెబుతాయి. తిక్కనకు కావ్యం అంకితమిచ్చినవాడు కేతన, శిష్యుడు మారన. రెండక్షరాల మాటకు అన్న చేరిస్తే మగవాడు, అమ్మ చేరిస్తే ఆడమనిషి. ఇవాళ నెల్లూరులోని ఏ బడి హాజరుపట్టీలోనూ కేతన ఉండడు. ఉన్నా ఆడపిల్ల అనుకుంటారు.

మనిషికి పెట్టిన పేరు కొన్నిసార్లు మనిషిని వదిలేసి ఊరికి తగులుకుంటుంది. దుగరాజపట్నంలో 1626 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు వర్తకశాల కట్టుకోవడానికి ఆరుముగం మొదలియార్ అనే స్థానికుడు సాయపడ్డాడు. ఆ కృతజ్ఞతతో వాళ్లు ఊరిని అర్మగాన్ అన్నారు. ఆరు ముఖాల సుబ్రహ్మణ్యస్వామి పేరు దొర నోట ఆ రూపం దాల్చింది. వర్తకశాల నిలవలేదు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర చోటు సంపాదించాడు. అక్కడ లేచిన పట్నానికి నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు వచ్చింది. ఆ చెన్నపట్నమే ఇవాళ్టి చెన్నై. ఒక కొడుకు తండ్రి పేరు నిలబెట్టాలనుకుంటే మహానగరం దొరికింది. పాపం ఆరుముగానికి దీపస్తంభం మిగిలింది. అక్కడి లైట్‌హౌస్‌ను నావికుల పటాలు ఈనాటికీ అర్మగాన్ అనే అంటాయి.

ఇప్పటి పురుడు నెల్లూరు ఆసుపత్రిలో మొదలవుతుంది. బిడ్డ మణికట్టుకు కట్టే పట్టీమీద తల్లి పేరు రాసి, ఫలానామె బిడ్డ అని ఉంటుంది. తండ్రి ఇంటిపేరు తగులుకోకముందు తెలుగు బిడ్డ అమ్మ పేరుతో బతికేది ఆ కొన్నాళ్లే. జననాల నమోదు చట్టం పేరు విషయంలో తొందరపెట్టదు. ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్లదాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. తొందరంతా ఇంట్లోవాళ్లది.

ఆ ఇంట్లో ఇప్పుడు పేరు మూడు పరీక్షలు దాటాలి. మొదటిది నక్షత్రం. అశ్వినికి చు చే చో ల అయితే బాగానే ఉంటుంది. హస్తలో మూడో పాదం పడిందా, పంచాంగం ణ అంటుంది. ఆరుద్ర మూడో పాదానికి ఙ. ఈ అక్షరాలతో మొదలయ్యే పేరును ఇంతవరకు తెలుగుదేశంలో ఎవరూ చూడలేదు. ఘనాలోని అకాన్ జనానికి ఈ బాధ లేదు. శుక్రవారం పుట్టిన మగబిడ్డ కోఫీ, శనివారం పుడితే క్వామే. కోఫీ అన్నన్, క్వామే ఎన్‌క్రూమా ఇద్దరి పుట్టినవారం పేర్లలోనే ఉంది. రెండో పరీక్ష సంఖ్యాశాస్త్రం. అది ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం అదనంగా ఇరికించి వెళ్లిపోతుంది. మూడోది ఇంటర్నెట్. దాంట్లో ప్రతి పేరుకూ పక్కనే అర్థం ఉంటుంది, ఆ అర్థాలన్నీ వెలుగు, విజయం, ఆకాశం, బంగారం.

పల్లెనుంచి వచ్చిన అవ్వ ఉయ్యాల దగ్గర కూచుంటుంది.

"ఏం పేరు పెట్టినారు మే బిడ్డకి?"

"రిత్విక్, అవ్వా."

"ఏ సామిది?"

మనవరాలు ఫోన్ తీసి అర్థం చదువుతుంది. యజ్ఞం చేయించే పురోహితుడు అని ఉంటుంది. అవ్వ అడిగింది అది కాదు. ఆమెకు సాయంగా వియ్యపురాలు కలగజేసుకుని, కసుమూరు మొక్కు సంగతి గుర్తుచేస్తుంది. కాసేపు గుసగుసలు, మగవాళ్లకు ఫోన్లు. చివరికి పళ్లెంలో బియ్యం పోసి, మేనత్త ఉంగరంతో రాయించేటప్పుడు పేరు మస్తాన్ రిత్విక్ అవుతుంది. బడిలో రిత్విక్, కాగితంమీద మస్తాన్. అవ్వకు బాకీ తీరింది, తల్లికి మాట దక్కింది. ఇలా ముందుభాగం దేవుడికి, వెనకభాగం బడికి పంచడమే ఇవాళ్టి తెలుగు ఇళ్లలో నడుస్తున్న ఒప్పందం. వెంకట సాయి తేజ, నాగ వెంకట శ్రీహర్ష, పెంచల చరణ్ అన్నీ ఈ ఒప్పందం కింద పుట్టినవే. ముందున్న ముక్కను ఇంట్లో ఎవరూ పిలవరు.

ఆ ముక్కను పిలిచేది అమెరికా. తెలుగువాడి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎటు పోవాలో, అసలు పేరు ఎటు ఉండాలో తేలక పేరంతా ఒకే గడిలో పడితే, వీసా మీద మొదటి పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని భావం. మంగోలియా నెర్గుయ్‌కి ఇది దగ్గరి చుట్టం. గడులు సరిగ్గా నింపినవాళ్ల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అక్కడ మొదట ఏముంటే అదే పేరు, మిగిలినవి నడిమి పేర్లు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక ఆఫీసులో నలుగురు తెలుగు కుర్రాళ్లు చేరితే ముగ్గురు వెంకటలే అవుతారు. ఇంట్లో వేరే పేర్లతో పెరిగినవాళ్లు అవ్వల మొక్కుతో అతికించిన ఆ ముక్కకే రోజంతా పలుకుతూ ఉంటారు. మీటింగులో గందరగోళం పోవాలని మేనేజరు వాళ్లను వెంకట ఒకటి, వెంకట రెండు, వెంకట మూడు అని పిలవడం మొదలుపెడతాడు. వాళ్ల పల్లెల్లో ఈ చిక్కుకు పెద్ద, నడిపి, చిన్న అన్న పరిష్కారం ఎప్పటినుంచో ఉందని అతనికి ఎవరూ చెప్పరు.